ప్రణాళికలో ఖాళీ వదలండి

స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో ఇద్దరు టీచర్లు కలిస్తే క్షేమ సమాచారాల తర్వాత వచ్చే మొదటి మాట, “పోర్షన్ ఎక్కడిదాకా వచ్చింది?” ఎంఈవో బడికి వచ్చినా అదే అడుగుతారు. హెచ్‌ఎం కూడా అదే అడుగుతారు. జవాబు చెప్పడం తేలిక. నాలుగో పాఠం అయిపోయింది, ఐదోది నడుస్తోంది. కానీ ఆ నాలుగో పాఠం క్లాసులో ఎంతమందికి అందిందని అడిగితే, చాలామంది దగ్గర మార్కుల రిజిస్టర్ తప్ప చూపించడానికి ఇంకేమీ ఉండదు. ఆ రిజిస్టర్‌లో 12 అని ఉన్న పిల్లకి ఏం వచ్చో, ఏం రాదో దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు.

2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌ని ఒకసారి తీసి చదవండి. టీచర్ విధుల్లో రెండింటిని అది పక్కపక్కనే పెట్టింది. నిర్ణీత కాలంలో పాఠ్యప్రణాళిక మొత్తం పూర్తి చేయాలి. ప్రతి బిడ్డ నేర్చుకునే శక్తిని అంచనా వేసి, అవసరమైనవారికి అదనంగా బోధించాలి. మొదటి విధి అందరికీ కంఠతా వచ్చు. రెండోదానికి టైమ్‌టేబుల్లో చోటే ఉండదు. చోటు లేని పని ఎంత మంచి మనసున్న టీచర్ చేతుల్లోనైనా జారిపోతుంది.

ఈ అధ్యాయం ఆ చోటు గురించే. ప్రణాళిక జూన్‌లో ఒకసారి రాసి సంతకం పెట్టించుకునేదనీ, మూల్యాంకనం ఎఫ్‌ఏ, ఎస్‌ఏ తేదీలొచ్చినప్పుడు జరిగేదనీ మనకు అలవాటైంది. అవి రెండూ ఒకే పని అని నేను గట్టిగా నమ్ముతాను. పిల్లల జవాబుల్లో తేలినదాన్ని బట్టి మర్నాటి పాఠం మారాలి. అలా మారడానికి వీలుగా కొన్ని పీరియడ్లను జూన్‌లోనే ఖాళీగా వదిలిపెట్టాలి.

జూన్‌లో వేసుకోవాల్సిన లెక్క

నిరుటి వార్షిక ప్రణాళిక పక్కన పెట్టుకుని తేదీలు మార్చి ఎత్తిరాసే పద్ధతి చాలా బళ్లలో ఉంది. దాన్ని ఈ ఏడాది మానండి. తెల్ల కాగితం, క్యాలెండర్ తీసుకోండి. చట్టం షెడ్యూలు ప్రకారం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. 6 నుంచి 8 తరగతులకు 220 పనిదినాలు, 1000 గంటలు. అదే షెడ్యూలులో టీచర్‌కు వారానికి 45 పనిగంటలని రాసి, పాఠాలకు సిద్ధమయ్యే సమయం కూడా అందులో భాగమేనని చెప్పింది. తయారీకి ఒక పీరియడ్ కావాలని హెచ్‌ఎంని అడగడానికి మొహమాటపడే యువ టీచర్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఏడో తరగతికి లెక్కలు చెప్పే టీచర్‌ని ఉదాహరణగా తీసుకుందాం. 220 రోజులకు 220 పీరియడ్లు ఉన్నట్టు కనిపిస్తుంది. అందులోంచి పరీక్షల రోజులు, పంద్రాగస్టు మొదలుకొని వార్షికోత్సవం దాకా వేడుకలు, వాటి రిహార్సల్స్, ట్రైనింగులు, ఎన్నికల డ్యూటీలు, సర్వేలు, టీచర్ సొంత సెలవులు తీసేయండి. ఒక 40 పోతాయనుకుంటే మిగిలేవి 180. ఇప్పుడు వాటిలో ఐదో వంతు, అంటే 36 పీరియడ్లు, ఏ పాఠానికీ కేటాయించకుండా పక్కన పెట్టండి. 144 మిగులుతాయి. పుస్తకంలో 12 అధ్యాయాలుంటే సగటున ఒక్కోదానికి 12 పీరియడ్లు.

సగటు అన్నాను కానీ సమానంగా పంచకండి. ఏ అధ్యాయం మీద మిగతావి నిలబడి ఉన్నాయో దానికి ఎక్కువ ఇవ్వాలి. భిన్నాలు, దశాంశాలు సరిగా రాని పిల్లకి శాతాలు రావు, లాభనష్టాలు రావు, నిష్పత్తి రాదు, పైతరగతిలో సైన్స్ లెక్కలూ రావు. కాబట్టి భిన్నాలకు 18 పీరియడ్లు ఇచ్చి, పిల్లలు సొంతంగా చదివి చేయగలిగిన దత్తాంశ పటాల్లాంటి అధ్యాయాన్ని 7లో ముగించినా తప్పులేదు. ఈ నిర్ణయం సబ్జెక్టు తెలిసిన టీచర్ మాత్రమే తీసుకోగలిగింది. పుస్తకంలో పేజీల సంఖ్య దాన్ని తీసుకోలేదు.

ఆ 36 పీరియడ్లను చివర ఫిబ్రవరిలో రివిజన్ పేరుతో కుప్పగా పెట్టకండి. ఆగస్టులో అర్థం కాని విషయాన్ని ఫిబ్రవరిలో తిరగేస్తే ఆ మధ్యలో దాని మీద కట్టిన పాఠాలన్నీ పోయినట్టే. ప్రతి అధ్యాయం మధ్యలో ఒకటి, చివర రెండు చొప్పున సర్దండి. ప్రణాళిక రాసే పుస్తకంలో ఆ వరసలో ‘పునర్బోధన’ అని రాయండి. తనిఖీకి వచ్చిన అధికారి ఖాళీ ఏమిటని అడిగితే 24వ సెక్షన్ రెండో విధికి కేటాయించిన సమయమని చెప్పండి. ఆ జవాబును ఏ అధికారీ తప్పుపట్టలేరు.

పోర్షన్ అవదేమోనన్న భయం నాకు తెలుసు. కానీ ఆలోచించి చూడండి. అర్థం కాని పాఠం మీద కట్టిన పాఠం చెప్పడానికి రెట్టింపు సమయం పడుతుంది. ఆగస్టులో మిగుల్చుకున్న మూడు పీరియడ్లను డిసెంబరు వడ్డీతో సహా వసూలు చేసుకుంటుంది.

వచ్చిన పిల్లలు ఎక్కడున్నారు

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరో తరగతి గదిలో చుట్టుపక్కల ఊళ్ల ప్రాథమిక పాఠశాలల నుంచి వచ్చిన పిల్లలు కూర్చుంటారు. పుస్తకం మాత్రం వాళ్లందరికీ ఐదో తరగతి పూర్తిగా వచ్చేసినట్టు మొదలవుతుంది. దేశంలోని గ్రామీణ పిల్లల మీద ప్రథమ్ సంస్థ జరిపే అసర్ సర్వే ప్రకారం 2024లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవాళ్లు సగానికి కాస్త తక్కువ. అంకె కన్నా ఆ సర్వే చేసే పద్ధతి టీచర్‌కు ఎక్కువ ఉపయోగం. ఒకే ఒక్క కాగితం. దాని మీద అక్షరాలు, చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, ఒక చిన్న కథ. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని పేరా చదవమంటారు. చదివితే కథ ఇస్తారు, చదవలేకపోతే మాటలు, అవీ రాకపోతే అక్షరాలు. ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు చాలు.

జూన్ మూడో వారం దాకా పుస్తకం తెరవకుండా ఈ పని చేయండి. లెక్కల టీచర్ అయితే ఒక తీసివేత, ఒక భాగహారం ఇవ్వండి. 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాసిన పిల్లవాడిని చూడండి. వాడు తీసివేత రానివాడు కాదు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలన్న సొంత నియమం ఒకటి తయారుచేసుకున్నాడు. దాన్ని ఎంతో నమ్మకంగా పాటిస్తున్నాడు. వాడికి మళ్లీ 20 లెక్కలు ఇస్తే ఆ తప్పునే 20 సార్లు సాధన చేస్తాడు. పుల్లల కట్టలిచ్చి, 52 పుల్లల్లోంచి 27 నిజంగా తీయమంటే ఒక కట్ట విప్పక తప్పదని చేతులే చెబుతాయి.

తెలంగాణలో 2022లో ప్రాథమిక తరగతులకు వచ్చిన ‘తొలిమెట్టు’, ఆ తర్వాత ఉన్నత తరగతులకు వచ్చిన ‘ఉన్నతి’ ఈ ఆలోచనతోనే మొదలయ్యాయి. పిల్లల తరగతి ఏదైనా, వాళ్లున్న స్థాయి నుంచి బోధన మొదలుపెట్టాలన్నది వాటి వెనకున్న సూత్రం. పేదరిక నిర్మూలన ప్రయోగాలకు 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ప్రథమ్‌తో కలిసి ఏళ్ల తరబడి పరీక్షించి చూసిన సూత్రం కూడా అదే. కార్యక్రమాల పేర్లు మారుతుంటాయి, ప్రభుత్వాలు మారితే ఫారాలూ మారతాయి. ఆ కాగితం, ఆ నాలుగైదు నిమిషాలు మీ చేతిలోనే ఉంటాయి.

ప్రశ్న ముందు, పాఠం తర్వాత

రాల్ఫ్ టైలర్ అనే అమెరికన్ విద్యావేత్త 1949లో పాఠ్యప్రణాళిక మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. పిల్లలు ఏం సాధించాలి, అందుకు ఏ అనుభవాలు కావాలి, వాటిని ఏ వరసలో పేర్చాలి, సాధించారో లేదో ఎలా తెలుస్తుంది అన్న నాలుగు ప్రశ్నల చుట్టూ అది నడుస్తుంది. 1998లో గ్రాంట్ విగిన్స్, జే మెక్‌టై ఆ వరసను తిప్పారు. ఏం రావాలో నిర్ణయించాక, వచ్చిందని ఏ ఆధారంతో ఒప్పుకుంటారో ముందు రాసుకోమన్నారు. బోధన గురించి ఆలోచించడం ఆ తర్వాతే. మన పాఠ్యపథకం ఫార్మాట్లో మూల్యాంకనం గడి చివర ఉంటుంది. చివర ఉంది కాబట్టి చివరే నింపుతాం, తొందరగా నింపుతాం. ఈసారి ఆ గడిని మొదట నింపి చూడండి. పాఠం రూపమే మారిపోతుంది.

ఒక ఉదాహరణ విడమరిచి చెబుతాను, ఎందుకంటే ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే.

దశాంశాలను పోల్చడం నేర్పాలి. వచ్చిందని ఎలా తెలుస్తుంది? 0.8, 0.35, 0.125 ఇచ్చి ఏది పెద్దదో రాయమందామనుకోండి. సరైన జవాబు 0.8. క్లాసులో 30 మంది 0.8 అని రాస్తే సంతోషంగా ముందుకు వెళ్లిపోతాం. కానీ అందులో ఒక రకం పిల్లలు ఉంటారు. చుక్క తర్వాత అంకెలు పెరిగేకొద్దీ సంఖ్య చిన్నదవుతుందని వాళ్లు అనుకుంటారు. పదో వంతు కన్నా వందో వంతు చిన్నది, దానికన్నా వెయ్యో వంతు చిన్నది అని మనమే చెప్పాం కదా. అందుకే ఒక్క అంకె ఉన్న 0.8 పెద్దదని రాశారు. జవాబు సరైంది, ఆలోచన తప్పు. మన ప్రశ్నే ఆ తప్పును దాచిపెట్టింది.

ఇప్పుడు 0.3, 0.62, 0.475 ఇవ్వండి. పెద్దది 0.62. అంకెలు ఎక్కువుంటే పెద్ద సంఖ్య అనుకునేవాళ్లు 475ని చూసి 0.475 అంటారు. అంకెలు తక్కువుంటే పెద్ద సంఖ్య అనుకునేవాళ్లు 0.3 అంటారు. స్థానవిలువ తెలిసినవాళ్లే 0.62 అంటారు. ఒకే ప్రశ్న, రాయడానికి అరనిమిషం, క్లాసు మూడు గుంపులుగా విడిపోయింది. పైగా ఏ గుంపుకు ఏం చెప్పాలో కూడా తెలిసిపోయింది. 0.475 అన్నవాళ్ల చేతికి మీటర్ స్కేలు ఇవ్వండి. 0.3 మీటర్లంటే 30 సెంటీమీటర్లు, 0.62 అంటే 62, 0.475 అంటే 47 సెంటీమీటర్ల 5 మిల్లీమీటర్లు. గోడ మీద చాక్‌పీసుతో మూడు గీతలు గీయమనండి. 0.3 అన్నవాళ్లకు నూరు గళ్ల కాగితం ఇచ్చి, పదిలో మూడు వంతులనూ నూటిలో 62 వంతులనూ రంగు వేసి చూపించమనండి. వాళ్లకు ముక్క చిన్నదవుతుందని తెలుసు. ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టడం మరిచిపోయారు.

ఇలాంటి ప్రశ్నలు నిమిషంలో తట్టవు. పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారో ముందు రాసుకుని, ఒక్కో తప్పు ఆలోచనా ఒక్కో వేరే జవాబుకు దారితీసేలా అంకెలు ఎంచాలి. ఏ రెండు దార్లూ ఒకే జవాబు దగ్గర కలవకూడదు. అందుకే ఈ పనిని ఒక్కరే చేయొద్దంటాను. కాంప్లెక్స్ మీటింగులో ఒక సబ్జెక్టు టీచర్లంతా కూర్చుని పాఠానికి రెండు ప్రశ్నలు తయారుచేసుకుంటే ఏడాది తిరిగేసరికి అందరి చేతిలోనూ మంచి ప్రశ్నల నిధి ఉంటుంది. ఆ పూటకు ట్రైనింగ్ మాడ్యూల్ చదివి వినిపించడం కన్నా అది ఎన్నో రెట్లు మేలు.

సైన్స్‌లోనూ అంతే. ‘కిరణజన్య సంయోగక్రియను నిర్వచించండి’ అంటే గైడులో ఉన్న రెండు వాక్యాలు వస్తాయి. బడి ఆవరణలో ఉన్న పెద్ద వేపచెట్టును చూపించి, ఇంత కలప బరువు ఎక్కడి నుంచి వచ్చిందని అడగండి. నిర్వచనం అక్షరం పొల్లుపోకుండా రాసిన పిల్లలే మట్టి నుంచి అంటారు. అప్పుడు వాన్ హెల్మాంట్ సంగతి చెప్పండి. 17వ శతాబ్దంలో ఆయన తూచిన మట్టిలో విల్లో మొక్క నాటి ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు బరువు ఎన్నో రెట్లు పెరిగింది, మట్టి బరువు దాదాపు తగ్గలేదు. నీళ్ల వల్లే పెరిగిందని ఆయన తేల్చాడు. ఆయన లెక్కలోకి రాని గాలి సంగతి ఏమిటో పిల్లల్నే తేల్చమనండి. మన పుస్తకాల్లో రాసిన విద్యాప్రమాణాల్లో ‘ప్రశ్నించడం, పరికల్పన చేయడం’ అని ఒకటుంది. అది ఈ చర్చలో జరుగుతుంది.

స్లిప్ టెస్టు అసలు ఉద్దేశం

2011 రాష్ట్ర పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత మన బళ్లలోకి వచ్చిన నిరంతర సమగ్ర మూల్యాంకనం నాలుగు సాధనాలు ఇచ్చింది. పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు ఒకటి. రాతపనులు, ప్రాజెక్టులు, లఘుపరీక్ష (స్లిప్ టెస్టు) మిగతా మూడు. ఆలోచన చాలా మంచిది. ఆచరణలో ప్రాజెక్టు అంటే నెట్ సెంటర్లో తీసిన ప్రింటు, రాతపని అంటే బోర్డు మీది జవాబు ఎత్తిరాయడం, లఘుపరీక్ష అంటే ఇంకో చిన్న పరీక్షగా మిగిలిపోయాయి. మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించే చివరి తేదీ చుట్టూ ఆ నాలుగూ తిరుగుతున్నాయి.

లఘుపరీక్షను దాని అసలు పనికి తిరిగి తేవచ్చు. పీరియడ్ ఆఖరి ఐదు నిమిషాల్లో నోట్‌బుక్ కాగితంలో పావు ముక్క, ఒకటో రెండో ప్రశ్నలు. పేరు రాయమనండి, మార్కులు వేయనని ముందే చెప్పండి. స్టాఫ్ రూంలో 40 చీటీలు మూడు దొంతరలుగా పెట్టడానికి పావుగంట పడుతుంది. వచ్చినవాళ్లు, ఒకే రకం తప్పు చేసినవాళ్లు, అసలు మొదలుపెట్టలేనివాళ్లు. మూడో దొంతర ఐదారుగురే అయితే మర్నాడు పాఠం ఆపక్కర్లేదు. మిగతావాళ్లు అభ్యాసం చేసే పదిహేను నిమిషాలూ వాళ్ల దగ్గర కూర్చోండి. సగం క్లాసు రెండో దొంతరలో ఉంటే ఆ పాఠాన్ని ఇంకో దారిలో చెప్పాలి. అక్కడే జూన్‌లో వదిలిన ఖాళీ పీరియడ్ పనికొస్తుంది. అదే పాఠాన్ని అవే మాటలతో ఇంకొంచెం గట్టిగా చెప్పడం పునర్బోధన కాదని మాత్రం మరవకండి.

చీటీలు కూడా వద్దనుకునే రోజు పలకలు వాడండి. ఒకటో తరగతితోనే పలక పని అయిపోయిందని అటక ఎక్కిస్తారు. తొమ్మిదో తరగతి దాకా అది టీచర్‌కు గొప్ప సాయం. ప్రశ్న వేయగానే చేతులెత్తమంటే ముందు బెంచీలోని నలుగురే ఎత్తుతారు, వాళ్ల జవాబు విని క్లాసంతటికీ వచ్చిందనుకుంటాం. అందరినీ పలక మీద రాసి ఒకేసారి పైకెత్తమంటే వెనక బెంచీ కూడా కనిపిస్తుంది.

పీరియడ్ మొదటి ఐదు నిమిషాలకు ఇంకో అలవాటు. పుస్తకం మూసి మూడు ప్రశ్నలు వేయండి. నిన్నటిది ఒకటి, పోయిన వారానిది ఒకటి, పోయిన నెలది ఒకటి. రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని మళ్లీ మళ్లీ చదవమన్నారు, కొందరిని చూడకుండా గుర్తుచేసుకుని రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే గుర్తుచేసుకుని రాసినవాళ్లు ముందున్నారు. స్టడీ అవర్లో పిల్లలు ఊగుతూ పదేపదే చదివేటప్పుడు ఈ సంగతి టీచర్ మనసులో ఉండాలి. పుస్తకం మూయించి ఒకరినొకరు అడగమనడం ఖర్చులేని మార్పు.

ఎర్ర సిరా దేనికి

దిద్దిన నోట్‌బుక్‌లో మనం రాసే మాటలు చాలా తక్కువ. ఒక టిక్కు, ఒక ‘గుడ్’, కింద సంతకం, తేదీ. తనిఖీలో దిద్దినట్టు కనిపించాలి కాబట్టి ప్రతి పేజీకీ టిక్కు పెడతాం, అన్నిటికీ పెట్టాలి కాబట్టి ఏదీ చదవలేం. రూత్ బట్లర్ 1988లో ఇజ్రాయెల్ బడిపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ. తర్వాతి పనిలో మెరుగుపడింది వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ అందుకున్నవాళ్లు మార్కులు మాత్రమే అందుకున్నవాళ్లలాగే ఉండిపోయారు. మార్కు కనపడగానే పిల్లల కళ్లు పక్కవాడి కాగితం మీదికి వెళతాయి. టీచర్ కష్టపడి రాసిన వాక్యం ఎవరూ చదవరు.

అందుకని వారానికి ఒక్క పనిని మాత్రం పూర్తిగా చదివి దిద్దండి. మార్కు వేయకండి. పిల్ల వెంటనే చేయగలిగిన ఒక పని రాయండి. ‘ఇంకా బాగా రాయాలి’ అంటే ఏం చేయాలో పదేళ్ల పిల్లకి తెలియదు. ‘రెండో పేరాలో మీ ఊరి జాతర గురించి రాశావు, అక్కడ నువ్వు చూసింది ఒకటి, విన్నది ఒకటి చేర్చు’ అంటే తెలుస్తుంది. తర్వాత ఆ పని చేయడానికి క్లాసులోనే పది నిమిషాలు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ వ్యాఖ్య రాయడం కూడా వృథా. ఎఫ్‌ఏకి మార్కులు వేయాల్సిన రోజు వేయండి, దాన్ని తప్పించుకోలేం. మిగతా రోజులన్నీ మీవే.

బడి చేయాల్సిన పని

ఇదంతా ఒక్క టీచర్ భుజాల మీద పెట్టి తప్పుకోవడం అన్యాయం. మన రాష్ట్రంలోనే జరిగిన ఒక అధ్యయనం ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చేసి 2010లో ప్రచురించారు. కొన్ని బళ్లలో పిల్లలకు పరీక్షలు పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో టీచర్లకు నివేదికలు ఇచ్చారు. అప్పుడప్పుడూ వచ్చి తరగతులు గమనించారు. పరిశీలకులు ఉన్నప్పుడు టీచర్లు ఎక్కువ కష్టపడ్డారు. ఏడాది చివర విడిగా పెట్టిన పరీక్షల్లో మాత్రం ఆ పిల్లలు మిగతా బళ్ల పిల్లలకన్నా మెరుగ్గా ఏమీ లేరు.

టీచర్లకు పట్టదని దీని అర్థం తీసేవాళ్లున్నారు. నేను అలా చదవను. నివేదిక చేతికిచ్చాం, దాన్ని వాడే పీరియడ్ ఇవ్వలేదు. ఒక పక్క పోర్షన్ గడువు తరుముతుంటే, ఏ టీచరైనా నివేదికను బీరువాలో పెట్టి తర్వాతి పాఠం తెరుస్తుంది. ఇవాళ డాష్‌బోర్డుల్లోకి ఎక్కుతున్న మార్కులన్నిటికీ ఇదే ప్రమాదం ఉంది.

కాబట్టి హెచ్‌ఎం చేయగలిగింది చాలా ఉంది. నెలవారీ స్టాఫ్ మీటింగులో ‘పోర్షన్ ఎంత అయింది’ అన్న ప్రశ్నకు తోడు ఇంకో ప్రశ్న చేర్చాలి: “ఈ నెల పిల్లల జవాబులు చూసి మీరు ఏ పాఠాన్ని మార్చారు?” మొదటి నెల మౌనమే ఎదురవుతుంది. మూడో నెలకు టీచర్లు చీటీలు తెచ్చి చూపిస్తారు. ఆరో తరగతి లెక్కలు, తెలుగు పీరియడ్లను టైమ్‌టేబుల్లో ఇద్దరు టీచర్లకు ఒకే సమయంలో పెడితే వారానికి ఒకసారి రెండు సెక్షన్లను కలిపి, సెక్షన్ల వారీగా కాకుండా పిల్లల స్థాయిని బట్టి విడదీసి చెప్పవచ్చు. ఒకే సెక్షన్ ఉన్న చిన్న బడిలో ఆరు, ఏడు తరగతులతో అదే పని చేయవచ్చు. ప్రశ్నపత్రం తయారీలో కూడా హెచ్‌ఎం ఒక నియమం పెట్టవచ్చు. బ్లూప్రింట్‌లో మార్కుల భారత్వంతో పాటు, పాఠ్యపుస్తకంలో లేని సందర్భం నుంచి కనీసం మూడోవంతు ప్రశ్నలు ఉండాలని. పిల్లలు ఎన్నడూ చూడని పేరా చదివి రాసిన జవాబు, గైడు బట్టీ పట్టి రాసిన పది జవాబులకన్నా టీచర్‌కు ఎక్కువ చెబుతుంది.

తల్లిదండ్రుల సమావేశం కూడా ఈ లెక్కలోనిదే. కూలిపని మానుకుని వచ్చిన తల్లికి ప్రోగ్రెస్ కార్డులో బీ2 అని చూపిస్తే ఆమెకు తెలిసేదేమీ లేదు. ఆమె అడిగేది ఒకటే: “మా పిల్ల ఎట్లా చదువుతోంది సార్?” దానికి జవాబు మీ మూడు దొంతరల్లో ఉంటుంది. “పేరా తడబడకుండా చదువుతోందమ్మా, చదివింది తన మాటల్లో చెప్పడానికి ఇంకా తడుముకుంటోంది. రోజూ అన్నం తినేటప్పుడు ఇవాళ బడిలో ఏం చదివావో చెప్పమనండి, మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు, విని ‘తర్వాత?’ అనండి చాలు. వచ్చే నెల నేను మళ్లీ చదివించి మీకు చెబుతాను.” ఆ తేదీని ఆమె ఎదురుగానే మీ డైరీలో రాసుకోండి.